చెల్లెలి సికిల్ సెల్ రిపోర్టు: పేరు తీసేస్తే సరిపోతుందా?

తమ్ముడూ, నువ్వు అడిగింది ఇదీ. మహారాష్ట్రలోని సిరొంచ తాలూకాలో మీ ఊళ్ళో సికిల్ సెల్ (ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారే రక్త జబ్బు) పరీక్షలు చేశారు. అదే రోజు అందరికీ ఆభా నంబర్లు (ఆరోగ్య రికార్డులను కలిపే నంబర్లు) కూడా తీశారు. మీ చెల్లెలు క్యారియర్ అని, అంటే జబ్బు లేదు గానీ ఆ లోపం పిల్లలకు అందించగలదని తేలింది. ఇప్పుడు ఆమెకు సంబంధాలు చూస్తున్నారు. ఈ సమాచారం ఎక్కడెక్కడికి పోతుంది, పరిశోధనకు ఇచ్చేటప్పుడు పేర్లు తీసేస్తామంటున్నారు కాబట్టి నిశ్చింతగా ఉండొచ్చా అన్నది నీ టెన్షన్.

నేనూ సిరొంచలోనే పుట్టాను. గోదావరి దాటి తెలంగాణ వైపు ఉద్యోగంలో పడి, ఇరవై రెండేళ్లుగా ఆసుపత్రి రికార్డుల సెక్షన్‌లో ఉన్నాను. మొదట్లో కట్టలు కట్టిన కేస్ షీట్ల దుమ్ము దులిపేవాణ్ణి, ఇప్పుడు అవే కంప్యూటర్లో చూస్తున్నాను. అందుకని కొంచెం పొడుగ్గానే చెప్తాను, ఓపిగ్గా చదువు.

ముందు నిన్నే ఒక మాట అడగాలి. చెల్లెలి రిపోర్టు సంగతి నీకెలా తెలిసింది? నువ్వే రాశావు: ఊరి వాట్సాప్ గ్రూపులో ఎవరో రిజిస్టర్ పేజీ ఫోటో పెట్టారని, అందులో చూశానని. అంటే ఆ అమ్మాయికి ఎవరూ కూర్చోబెట్టి చెప్పకముందే ఊరందరికీ తెలిసిపోయింది. నువ్వు భయపడుతున్న సర్వర్ ఎక్కడో దూరాన ఉంది. సమాచారం మాత్రం మీ చావడి దగ్గరి నుంచే బయటపడింది. నా అనుభవంలో సగానికి సగం ఇలాగే పోతుంది: ఫోటో తీసిన పేజీ, జిరాక్స్ షాపులో మర్చిపోయిన కాపీ, వరుసలో నిలబెట్టి గట్టిగా పిలిచిన పేరు. ఆ ఫోటో పెట్టినవాళ్లని నేను తిట్టను. మన దగ్గర ఒక్కో గూడేనికి నడిచి వెళ్లి చెప్పాలంటే ఎంత పనో నాకు తెలుసు. కానీ ముందు ఆ ఫోటో తీయించు. గ్రూప్ అడ్మిన్ ఎవరి మెసేజ్ అయినా అందరి ఫోన్లలోంచి డిలీట్ చేయగలడు. ఇప్పటికే సేవ్ చేసుకున్నవాళ్ల సంగతి వేరు, అది మన చేతిలో లేదు.

ఆ పేజీలో ఇంకో ప్రమాదం ఉంది. ఊళ్ళో మొదట చేసేది సాల్యుబిలిటీ పరీక్ష. వేలి నుంచి చుక్క రక్తం తీసి ద్రావణంలో కలిపి, అది మసకబారిందా లేదా అని చూస్తారు. మసకబారితే రిజిస్టర్లో ‘పాజిటివ్’ అని రాస్తారు. ఆ పరీక్ష జబ్బు ఉన్నవాళ్లకీ క్యారియర్లకీ తేడా చెప్పలేదు. తేడా తెలియాలంటే ల్యాబ్‌లో రక్తంలోని హిమోగ్లోబిన్ రకాలను విడదీసి చూసే హెచ్‌పీఎల్‌సీ గానీ ఎలక్ట్రోఫోరెసిస్ గానీ చేయాలి. మీ చెల్లెలికి ఆ రెండో దశ పరీక్ష కూడా చేసి క్యారియర్ అని తేల్చారంటున్నావు, మంచిది. ఊళ్ళో జనం చూసింది మాత్రం ‘పాజిటివ్’ అన్న ఒక్క మాటే. అది విన్నవాళ్లకు ఆ అమ్మాయికి రోగం ఉందనే అర్థమవుతుంది. క్యారియర్ అంటే రోగి కాదు. మామూలుగా బతుకుతుంది, పని చేసుకుంటుంది, పిల్లల్ని కంటుంది. పెళ్లికొడుకు కూడా క్యారియర్ అయితే చిక్కు: ప్రతి కాన్పులో బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. అబ్బాయి రక్తంలో ఈ లోపం గానీ తలసీమియా లాంటి ఇంకో లోపం గానీ లేకపోతే పిల్లలకు జబ్బు రాదు. అందుకే అబ్బాయికి కూడా హెచ్‌పీఎల్‌సీ చేయించమని అడగాలి, అది తలసీమియాను కూడా పట్టుకుంటుంది.

ఇప్పుడు నువ్వు అడిగిన అసలు సంగతి, పేర్లు తీసేయడం.

పదేళ్ల కిందటి మాట. ఒక కాలేజీ వాళ్లు ప్రాజెక్టు కోసం అప్పట్లో నేను పనిచేసిన ఆసుపత్రిని సికిల్ సెల్ లెక్కలు అడిగారు. అనుమతి వచ్చింది, షీటు తయారుచేసే పని నా మీద పడింది. పేర్లు తీసేశాను. ఫోన్ నంబర్లు, ఓపీ నంబర్లు తీసేశాను. మిగిలినవి ఊరు, వయసు, ఆడా మగా, కులం, పరీక్ష తేదీ, ఫలితం. ఎంత జాగ్రత్తగా చేశానో అని నన్ను నేనే మెచ్చుకున్నాను. అంతలో మా అటెండర్ మామ చాయ్ తెచ్చి బల్ల మీద పెట్టి, స్క్రీన్ వైపు ఒకసారి తొంగిచూశాడు. ఆయన చదివింది ఐదో తరగతి. తన ఊరి పేరు కనబడేసరికి ఆగాడు. “ఇరవై ఆరేండ్లు, ఆడమనిషి... ఈమె మా మేస్త్రీ చిన్నకోడలు గద సార్. డెలివరీకి వచ్చినప్పుడు చేసిన్రు” అన్నాడు. ఆ ఊళ్ళో ఆ కులానివి నాలుగే ఇళ్లు. ఆ నాలుగిళ్లలో ఆ వయసు ఆడమనిషి ఒక్కతే. చాయ్ చల్లారేలోపు ఇంకో రెండు వరుసలకు కూడా మనుషుల్ని చెప్పేశాడు. ఆయనకేం దురుద్దేశం లేదు, తెలిసినవాళ్లు కనబడ్డారని సంబరం, అంతే.

ఆ షీటు పంపలేదు. ఊరు తీసేసి తాలూకా పెట్టాను, వయసును ఐదేళ్ల గుంపులు చేశాను, తేదీ బదులు సంవత్సరం ఉంచాను, కులం పూర్తిగా ఎత్తేశాను. ఇలా ఇస్తే ఏ ఊళ్ళో ఎక్కువ ఉందో ఎలా తెలుస్తుందని కాలేజీ వాళ్లు గొణిగారు. వాళ్ల బాధా నిజమే. గోప్యత పెంచినకొద్దీ లెక్క మొద్దుబారుతుంది. ఆ రెంటి మధ్య గీత ఎక్కడ గీయాలన్నదే ఈ పనిలో అన్నిటికన్నా కష్టం, ఇప్పటికీ నాకు అంతే.

మా మామ కళ్లతో చేసిన పనే అమెరికాలో ఒకామె కంప్యూటర్‌తో చేసి చూపించింది. 1990ల్లో మసాచుసెట్స్ రాష్ట్రంలో ప్రభుత్వ ఉద్యోగుల వైద్య రికార్డులను పేర్లు తీసి పరిశోధకులకు ఇచ్చారు. ఎవరినీ గుర్తుపట్టలేరని అప్పటి గవర్నర్ విలియం వెల్డ్ భరోసా ఇచ్చాడు. ఎంఐటీలో చదువుతున్న లటాన్యా స్వీనీ కేంబ్రిడ్జ్ నగరపు ఓటర్ల జాబితాను 20 డాలర్లకు కొని, పుట్టిన తేదీ, ఆడా మగా, పోస్టల్ కోడ్ మూడూ కలిపి వెతికింది. దొరికింది సాక్షాత్తూ ఆ గవర్నర్ రికార్డే. తర్వాత ఆమె లెక్కగట్టి చెప్పింది: అమెరికా జనాభాలో 87 శాతం మందిని ఆ మూడింటితోనే విడిగా గుర్తుపట్టొచ్చని. మన ఓటర్ల జాబితా సంగతి నీకు తెలిసిందే. పేరు, తండ్రి పేరో భర్త పేరో, ఇంటి నంబరు, వయసు అన్నీ అందులో ఉంటాయి, ఎవరైనా చూడొచ్చు.

బిగ్ డేటా, అంటే కుప్పలుగా పోగైన సమాచారం, అనగానే చాలామంది లక్షల వరుసలు అనుకుంటారు. నన్నడిగితే వరుసలు పెరగడం కన్నా కాలమ్‌లు పెరగడమే ఎక్కువ ప్రమాదం. ఒక చోట మందుల బిల్లు, ఇంకో చోట బీమా క్లెయిమ్, మరో చోట రేషన్ కార్డు. విడివిడిగా ఏదీ పెద్దగా చెప్పదు. కలిపి కుడితే మనిషి నిలబడతాడు. పెద్ద నగరంలో అయితే ముప్పై ఏళ్ల మగవాళ్లు వేలల్లో ఉంటారు, ఆ గుంపులో దాక్కోవచ్చు. నాలుగొందల మంది ఉన్న ఊళ్ళో దాక్కోవడానికి గుంపేదీ? అమెరికా ఆరోగ్య గోప్యతా నియమాల్లో ఒక చిన్న లెక్క ఉంది, నాకు బాగా నచ్చుతుంది. పేర్లు తీసేసిన రికార్డులో పోస్టల్ కోడ్ మొదటి మూడు అంకెలు మాత్రమే ఉంచొచ్చు, అదీ ఆ ప్రాంతంలో 20,000 కన్నా ఎక్కువ మంది ఉంటేనే. లేదంటే ఆ మూడూ సున్నాలు చేయాలి. అక్కడి మెడికేర్ (ముఖ్యంగా వృద్ధులకు ఉన్న ప్రభుత్వ ఆరోగ్య బీమా) లెక్కలు బయటపెట్టేటప్పుడు 1 నుంచి 10 దాకా ఉన్న సంఖ్యను చూపించరు. ‘ఈ ఊళ్ళో ఇద్దరు’ అని రాస్తే ఆ ఇద్దరెవరో ఊరికి తెలిసిపోతుందని. మన గూడేలకు ఇలాంటి లెక్క ఇంకా ఎక్కువ అవసరం.

అలాగని లెక్కలే వద్దనను. 2023 జూలై 1న మధ్యప్రదేశ్‌లోని షాడోల్‌లో మొదలైన జాతీయ సికిల్ సెల్ మిషన్ 40 ఏళ్ల లోపు 7 కోట్ల మందికి పరీక్షలు చేయాలని పెట్టుకుంది. 2047కల్లా ఈ జబ్బును నిర్మూలించాలన్నది లక్ష్యం. ఏ తాలూకాలో ఎంతమంది అన్నది తెలియకపోతే ఈ జబ్బుకు వాడే హైడ్రాక్సీయూరియా మాత్రలు ఎక్కడికి ఎన్ని పంపాలో ఎవరికి తెలుస్తుంది? మన సిరొంచ నుంచి జిల్లా కేంద్రం గడ్చిరోలికి రెండొందల కిలోమీటర్లకు పైనే. నొప్పి లేచిన పిల్లాణ్ణి అంత దూరం మోసుకెళ్లకుండా ఇక్కడే మందు దొరకాలంటే ఆ లెక్క పైకి పోవాలి. జబ్బు ఉన్నవాళ్లకు ఇంకో లాభం కూడా ఉంది. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో సికిల్ సెల్ జబ్బు కూడా చేరింది, సర్టిఫికెట్ తెచ్చుకోవాలంటే రికార్డు ఉండాల్సిందే. లెక్కకు సంఖ్య చాలు, గ్రూపులో పేర్ల పేజీ అక్కర్లేదు.

ఆభా గురించి మీ ఊళ్ళో రకరకాలుగా చెప్పుకుంటున్నారని రాశావు. అది 14 అంకెల నంబరు. 2021 సెప్టెంబర్ 27న దేశమంతటా మొదలైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్‌లో భాగం. ఆ నంబర్లో నీ రిపోర్టులు దాచిపెట్టి ఉండవు. ఏ ఆసుపత్రి రికార్డు ఆ ఆసుపత్రి దగ్గరే ఉంటుంది, నంబరు వాటిని కలిపే దారం లాంటిది. వేరే డాక్టర్ చూడాలంటే ఏ రికార్డులు, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, ఎందుకు, ఎన్నాళ్లు అని అడుగుతూ ఫోన్‌కి ఒక అభ్యర్థన వస్తుంది. సరే అనొచ్చు, కాదనొచ్చు, ఇచ్చిన అనుమతి వెనక్కి తీసుకోవచ్చు. నంబరు తీసుకోవడం స్వచ్ఛందం. అది లేదని పరీక్షకో వైద్యానికో కాదనకూడదు.

కాగితం మీద ఇదంతా బాగుంది. ఇప్పుడు మీ ఊరి క్యాంపు గుర్తుచేసుకో. బల్ల ముందు వరుస కట్టారు. ఆధార్ కార్డు ఇచ్చారు. ఓటీపీ వచ్చింది, గట్టిగా చదివి చెప్పారు. మీ చెల్లెలి ఆధార్‌కి ఎవరి ఫోన్ నంబరు లింక్ అయి ఉంది? ఆమెదా, నీదా, మీ నాన్నదా? ఇంట్లో ఒకటే ఫోన్ అయితే ఇంటిల్లిపాదికీ అదే నంబరు. అంటే రేపు ఆమె రికార్డు చూడటానికి అనుమతి ఇవ్వమని ఎవరైనా అడిగితే ఆ మెసేజ్ వచ్చేది నీ జేబులోకి. అనుమతి ఆమెది అని చట్టం అంటుంది, నొక్కే వేలు మాత్రం నీది. పెళ్లయ్యాక నంబరు మార్చితే ఆ వేలు భర్తది అవుతుంది. ఆమెకు విడిగా సిమ్ ఉంటే ఇప్పుడే దాన్ని లింక్ చేయించండి. ఆధార్‌లో మొబైల్ నంబరు మార్చడానికి ఆమెను ఆధార్ సెంటర్‌కి తీసుకెళ్లండి, తర్వాత ఆభాలోనూ మార్చాలి. ఒక పూట పని. నా మాట విని ఆ పూట పెట్టండి.

మన సరిహద్దు వాళ్లకే ఉన్న ఇంకో తలనొప్పి చెప్పాలి, దీని గురించి ఎవరూ మాట్లాడరు. సిరొంచ గ్రామీణ రుగ్ణాలయంలో, అంటే అక్కడి సర్కారు ఆసుపత్రిలో, కేస్ పేపర్ మరాఠీలో రాస్తారు: ముందు పేరు, తర్వాత తండ్రి పేరు, చివర ఇంటిపేరు. కాళేశ్వరం బ్రిడ్జి దాటి ఇటు వస్తే ఇంటిపేరు ముందుకొస్తుంది, తండ్రి పేరు విడిగా వేరే గడిలోకి పోతుంది. దేవనాగరిలో రాసింది ఇంగ్లిష్‌లోకి ఎక్కేటప్పుడు ‘ళ’ కాస్తా ‘ల’ అవుతుంది. పెళ్లయ్యాక ఆడపిల్ల పేరు ఒక కాగితంలో మారుతుంది, ఇంకో దానిలో మారదు. నా దగ్గరికి వచ్చిన ఒకామెకు మా కంప్యూటర్లో మూడు రికార్డులు ఉన్నాయి, మూడూ వేర్వేరు మనుషులన్నట్టు. అది కొంత నయం. ఒకే ఇంటిపేరు, ఒకే పేరు ఉన్న ఇద్దరు అమ్మాయిల రికార్డులు ఒకటిగా కలిసిపోయి, క్యారియర్ అన్న మాట సంబంధం లేని అమ్మాయికి అంటుకున్న కేసు కూడా చూశాను. సరిచేయించడానికి వాళ్ల నాన్న నాలుగుసార్లు బస్సెక్కి వచ్చాడు. మొదటిసారి వచ్చినప్పుడు మా సెక్షన్‌లోనే అది ఎలా సరిచేయాలో ఎవరికీ తెలియదు, నాతో సహా. అందుకే మీ చెల్లెలి అసలు రిపోర్టు కాగితం చేతిలో పెట్టుకో. దాని మీద పేరు, వయసు, పరీక్ష తేదీ, ఏ పరీక్ష చేశారు అన్నవి ఉన్నాయా చూడు. డాక్టర్ల ప్రవర్తనా నియమాల ప్రకారం రోగి అడిగితే రికార్డులు 72 గంటల్లో ఇవ్వాలి. 2002 నుంచి ఉన్న నియమమే, చాలామందికి తెలియక అడగరు.

చట్టం అన్నావు కాబట్టి చెప్తున్నాను. గోప్యత ప్రాథమిక హక్కు అని సుప్రీంకోర్టు తొమ్మిది మంది జడ్జీల ధర్మాసనం 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తేల్చింది. ఆ తర్వాత 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. దాని నియమాలు 2025 నవంబర్‌లో వచ్చాయి, ముఖ్యమైన బాధ్యతలు పూర్తిగా అమలు కావడానికి 18 నెలల గడువు పెట్టారు. మన సమాచారం ఏముందో అడిగే హక్కు, తప్పుంటే దిద్దించే హక్కు అందులో ఉన్నాయి. డేటాను సరిగ్గా కాపాడని సంస్థకు 250 కోట్ల దాకా జరిమానా పడొచ్చు. నాకు అందులో రెండు లోటులు కనబడతాయి. ఆరోగ్య సమాచారానికి విడిగా ఎక్కువ రక్షణ అంటూ ఏమీ పెట్టలేదు, ఫోన్ నంబరుతో సమానంగానే చూశారు. ప్రభుత్వ పథకాల లబ్ధి కోసమైతే అనుమతి అడక్కుండానే సమాచారం వాడుకునే వీలు కూడా ఉంచారు.

అదే చట్టంలో మనకు పనికొచ్చే మాట ఒకటుంది. అనుమతి అడిగేటప్పుడు ఇచ్చే నోటీసు ఇంగ్లిష్‌లో గానీ రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్లో ఉన్న 22 భాషల్లో దేనిలో గానీ చదువుకునే వీలు ఉండాలి. తెలుగు ఆ షెడ్యూల్లో ఉంది. అంటే మహారాష్ట్రలో ఉన్నా సరే, మరాఠీ కాగితం మీద సంతకం పెట్టమంటే ‘తెలుగులో ఇవ్వండి, చదివి పెడతాను’ అనొచ్చు. గోండీకి ఆ షెడ్యూల్లో చోటు లేదు. ఈ పరీక్షలు ఎక్కువగా చేస్తున్నదేమో గోండు, మాడియా గూడేల్లోనే.

కంప్యూటర్లలోంచి సమాచారం కొట్టేసే దొంగల సంగతి కూడా అడిగావు. పెద్ద పెద్ద ఆసుపత్రులకే తప్పలేదు. 2022 నవంబర్‌లో ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్ల మీద రాన్సమ్‌వేర్ దాడి (ఫైళ్లకు తాళం వేసి డబ్బు గుంజే రకం) జరిగితే రోజుల తరబడి ఓపీ చీటీలు చేత్తో రాశారు. దాని మీద నువ్వూ నేనూ చేయగలిగింది తక్కువ. కాబట్టి దాని గురించి నిద్ర మానుకోకు.

చివరికి మీ చెల్లెలి సంబంధం సంగతి. అబ్బాయి వాళ్లకు చెప్పాలా వద్దా అని నీ ప్రశ్న. చెప్పాలనే నా అభిప్రాయం, పెళ్లికి ముందే, నిశ్చితార్థానికి కూడా ముందే. కానీ చెప్పాల్సింది నువ్వు కాదు, మధ్యవర్తి అసలే కాదు. ముందు ఆమెను కౌన్సెలర్ దగ్గరికో డాక్టర్ దగ్గరికో తీసుకెళ్లు. వాళ్లు ఆమెతో ఒంటరిగా మాట్లాడనీ, నువ్వు బయట బెంచీ మీద కూర్చో. విషయం అర్థమయ్యాక ఎవరికి, ఎప్పుడు, ఎలా చెప్పాలో ఆమె నిర్ణయించుకుంటుంది. నేరుగా ఆ అబ్బాయితోనే మాట్లాడాలనుకుంటే ఫోన్ ఇచ్చి పక్కకి తప్పుకో. ‘మీరూ పరీక్ష చేయించుకోండి, ఇద్దరివీ కలిపి చూద్దాం’ అంటే అందులో తక్కువతనం ఏమీ లేదు.

ఇంకొకటి. ఈ లోపం తల్లిదండ్రుల నుంచి వస్తుంది. మీ చెల్లెలు క్యారియర్ అంటే మీ అమ్మానాన్నల్లో కనీసం ఒకరికి ఉన్నట్టే. అలాంటప్పుడు నీకు కూడా ఉండే అవకాశం కనీసం సగానికి సగం. ఇంత పెద్ద ప్రశ్నలో నీ రిపోర్టు గురించి ఒక్క ముక్క రాయలేదు. క్యాంపు రోజు పనికి పోయి తప్పించుకున్నావేమో. ఊళ్ళో మళ్లీ క్యాంపు పెట్టేదాకా ఆగకు, ఆమెను తీసుకెళ్లిన రోజే నువ్వూ చెయ్యి చాచు. ఆ కాగితం మాత్రం నీ చేతికే ఇమ్మను.